పాలమూరు రిటైర్డ్ సార్లకు, మేడమ్‌లకు: ఒక పూట వచ్చి ఆ కుర్చీలో కూర్చోండి

ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా విశ్రాంత ఉపాధ్యాయులకు, పెన్షనర్ల సంఘాల బాధ్యులకు నమస్కారం.

నేనూ మీలో ఒకదాన్నే. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ముప్పై ఏళ్లకు పైగా తెలుగు చెప్పి 2019లో దిగిపోయాను. అప్పటికింకా రిటైర్మెంట్ వయసు 58 ఏళ్లే, 61కి పెంచింది 2021లో. కొన్నాళ్లు ఇంట్లోనే ఉన్నాను. ఇప్పుడు మూడేళ్లుగా వారానికి రెండు పూటలు మన జిల్లాలోనే ఒక చిన్న హాస్పిస్‌లో రిసెప్షన్ దగ్గర కూర్చుంటున్నాను. జీతం లేని పని. ఆ చోటు పేరు ఇక్కడ రాయడం లేదు. పది మంచాల ఇల్లు అది. పేరు రాస్తే అందులో ఎవరు పడుకున్నారో ఊరందరికీ తెలిసిపోతుంది.

హాస్పిస్ సంగతి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. జబ్బు ఇక నయం కాదని డాక్టర్లు తేల్చాక, మిగిలిన రోజులు నొప్పి లేకుండా, పుండ్ల వాసనకు ఎవరూ దూరం జరగకుండా, ఊపిరాడక కొట్టుకోకుండా గడిచేలా చూసే చోటు. రోగిని చూసి చూసి అలసిపోయిన ఇంటివాళ్లను కూడా పట్టించుకునే చోటు. సర్కారు కాగితాల్లో పాలియేటివ్ కేర్ అంటారు. మా దగ్గరికొచ్చే ఊళ్లవాళ్లు 'నొప్పుల దవాఖాన' అంటారు. నాకు ఆ పేరే నచ్చింది.

ఈ ఉత్తరం చందాల కోసం కాదు. పండ్ల పంపిణీ కోసం అసలే కాదు. మీ దగ్గర ఖాళీగా ఉన్న ఒక పూట కావాలి.

ఎందుకు అడుగుతున్నానో చెప్పాలంటే నా ఇంటి సంగతి కొంత చెప్పాలి. 2016లో మా ఆయనకు పేగు క్యాన్సర్ అని తేలింది. హైదరాబాద్‌లో ఒక పెద్ద ఆసుపత్రి చుట్టూ ఏడు నెలలు తిరిగాం. చివరిసారి వెళ్లిన రోజు కౌంటర్‌లో అమ్మాయి ఫైలు తిప్పి, తల ఎత్తకుండానే, "వీళ్లకు ఇంక ట్రీట్‌మెంట్ లేదని రాశారు, ఇంటికి తీసుకెళ్లొచ్చు" అని చెప్పి తర్వాతి టోకెన్ పిలిచింది. మా ఆయన నా పక్కనే నిలబడి ఉన్నారు. ఆయనకు ఆ సంగతి తెలిసింది అలాగ. బయట మెట్ల మీద కూర్చున్నాక, "మన టోకెన్ నంబరెంత?" అని అడిగారు. చీటీ నా చేతిలోనే నలిగి ఉంది. విప్పి చూసి చెప్పాను. బస్సెక్కేదాకా ఇద్దరం ఇంకో మాట మాట్లాడుకోలేదు.

ఆ అమ్మాయిని నేను తిట్టుకోలేదు. ఆమె ముందు ఎంతమంది నిలబడ్డారో కళ్లారా చూశాను. కానీ ఆ తర్వాత రెండు నెలలు ఆయన రాత్రిళ్లు దిండు కొరుక్కుంటూ గడిపారు. నోటితో మింగే మార్ఫిన్ గోలీ ఒకటుంటుందని, నొప్పికి నాలుగు గంటలకోసారి వేసుకునేదని, అది హైదరాబాద్‌లోనే దొరుకుతుందని మాకు తెలియదు. ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో అప్పటికే ఎన్నో ఏళ్లుగా నొప్పుల కోసమే ఒక విభాగం ఉంది. మాకు దారి చెప్పే మనిషి దొరకలేదు, అంతే. ఇద్దరం చదువుకున్నవాళ్లం, ఇద్దరం టీచర్లం, మాకే తెలియకపోతే వలస పోయి బతికే మనుషులకు ఎలా తెలుస్తుంది?

ఇక నేను కూర్చునే చోటు గురించి.

మా కౌంటర్‌కు అద్దం లేదు. వచ్చినవాళ్ల కుర్చీ ఎదురుగా కాకుండా నా పక్కనే వేసి ఉంటుంది. బల్ల మీద ఒక రిజిస్టర్, ఫోన్, స్టీలు జగ్గు, నాలుగు గ్లాసులు. తొమ్మిదింటికి నేను తాళం తీసేసరికి అరుగు మీద ఎవరో ఒకరు ఉంటారు. మక్తల్ అవతలి నుంచో, కొల్లాపూర్ నుంచో, అమ్రాబాద్ నుంచో మొదటి బస్సుకు వచ్చినవాళ్లు. స్కానింగ్ ఫిల్ములు, చీటీలు అన్నీ చీరల షాపు కవరులో ఉంటాయి. 2023 డిసెంబర్‌లో మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు బస్సు ఉచితం అయినప్పటి నుంచి ఒక మార్పు చూశాను. అంతకుముందు ఇంట్లో ఒక మగమనిషి వచ్చి మందులు పట్టుకెళ్లేవాడు. రాత్రి ఎన్నిసార్లు లేచాడు, ఎక్కడ నొస్తున్నది అని సిస్టర్ అడిగితే అతనికి తెలిసేది కాదు. ఇప్పుడు భార్యో, కూతురో, కోడలో వస్తున్నారు. రాత్రంతా పక్కన మేలుకుని ఉండేది వాళ్లే కాబట్టి లెక్క సరిగ్గా చెబుతారు. దాన్ని బట్టి డాక్టరు గోలీ డోసు మారుస్తారు. ఈ చిన్న తేడా ఎంత నొప్పిని తగ్గించిందో మీకు చూపించగలిగితే బాగుండు.

వచ్చినవాళ్లకు ముందు మంచినీళ్లు ఇస్తాను. కూర్చోమంటాను. వాళ్లు నీళ్లు తాగేదాకా పెన్ను పట్టుకోను. తర్వాతే పేరు, ఊరు, మండలం, ఫోన్ నంబరు. వాటి పక్కన మా రిజిస్టర్‌లో ఇంకో కాలమ్ ఉంది: 'రోగికి తెలుసా?'

ఆ కాలమ్ నింపడం నేర్చుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది. తండ్రిని ఆటోలో కూర్చోబెట్టి కొడుకు ముందుగా లోపలికి వస్తాడు. వంగి, గుసగుసగా, "మా నాయినకు ఎరుక లేదు మేడం. గడ్డ అని చెప్పినం. మీరు జర ఆ మాట అనకుండ్రి" అంటాడు. సరే బిడ్డా అంటాను. కాసేపటికి అతను మందుల దగ్గరికి వెళ్తాడు. తండ్రి నా పక్క కుర్చీలో మిగులుతాడు. నాలుగు నిమిషాలు గోడకున్న క్యాలెండర్ చూసి, ఆయన కూడా గుసగుసగానే అంటాడు: "నాకు ఎర్కనే అమ్మా. పోరనికి చెప్పకు, దిగులు పడతడు." ఇది ఒకసారి జరిగింది కాదు. ఊరు మారుతుంది, మాట మాత్రం అదే. అటువైపు సంగతి ఇటు, ఇటు సంగతి అటు చేరవేయడం నా పని కాదు. డాక్టరుకో, కౌన్సెలర్‌కో చెబుతాను. వాళ్లు మెల్లగా ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెడతారు. మనం ముప్పై ఏళ్లు క్లాసులో వినమని చెప్పినవాళ్లం. ఇక్కడ వినడం మన వంతు.

ఫోన్ గురించి కూడా చెప్పాలి. మన జిల్లా కొడుకులు ఎక్కడుంటారో మీకు తెలుసు: ముంబై, భివండీ, పుణె. హాజరు పట్టీలో నెలల తరబడి ఎర్ర సున్నాలు చుట్టిన పిల్లలే వాళ్లు. సుగ్గికి, అంటే ఊరు విడిచి కూలి పనులకు, పోయిన తల్లిదండ్రుల వెంట వెళ్లి, తిరిగొచ్చి, మళ్లీ వెళ్లి, చివరికి బడి మానేసినవాళ్లు. ఇప్పుడు వాళ్ల తల్లులు ఇక్కడ పడుకున్నారు. ఒక మధ్యాహ్నం భివండీ నుంచి ఫోన్. వెనకాల మగ్గాల చప్పుడు, గట్టిగా అరుస్తున్నాడు: "మేడం, ఇప్పుడు బయలెల్లితే నేను అందుకుంటనా?" దీనికి జవాబు రిసెప్షన్‌లో ఉండదు. అందుకుంటావు అని ధైర్యం చెప్పకూడదు, లేదనీ చెప్పకూడదు. "లైన్లోనే ఉండు నాయనా, సిస్టర్‌ను పిలుస్తా" అన్నాను. సిస్టర్ వచ్చి, బయల్దేరమంది, ఆలస్యం చేయొద్దంది. ఆ తర్వాత అతను ఒకసారి అమ్మతో మాట్లాడతానన్నాడు. ఆమె అప్పటికి కళ్లు తెరవడం లేదు. నా సెల్‌ఫోన్‌కు చేయించి వార్డులోకి తీసుకెళ్లి ఆమె చెవి దగ్గర పట్టుకున్నాను. చివరిదాకా వినపడుతుందని మా సిస్టర్లు నమ్ముతారు, నేనూ నమ్ముతాను. అతను ఏం మాట్లాడాడో వినకూడదని మొహం పక్కకు తిప్పుకున్నాను, కానీ మగ్గాల చప్పుడు మధ్యలో 'అవ్వా, అవ్వా' అన్నది వినపడుతూనే ఉంది. ఆమె ఎడమ చేయి దుప్పటి మీద రెండు వేళ్లు కదిపింది. ఆ సంగతి అతనికి చెప్పాను. అది చెప్పొచ్చు, కళ్లతో చూసింది కాబట్టి.

మనిషి పోయాక పని ఉంటుంది. వైకుంఠ రథానికి ఫోన్ చేయడం, ఫ్రీజర్ బాక్స్ కావాలేమో అడగడం. ఇంకోటి, ఇది టీచర్లం బాగా చేయగలం: కాగితాలు. మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలని చాలా ఇళ్లలో తెలియదు. కర్మలయ్యాక చూద్దామనుకుంటారు. పట్టా పాసుబుక్కు ఉండి 59 ఏళ్లలోపు పోయిన రైతుకు రైతు బీమా కింద 5 లక్షలు వస్తుంది. 2018 ఆగస్టు 15 నుంచి ఉన్న పథకం, జబ్బుతో పోయినా వర్తిస్తుంది. ఆ ఇల్లాలికి అది తెలియక, తెలిసిన రోజు డెత్ సర్టిఫికెట్‌లో పేరు ఆధార్‌తో కలవక, ఎంత తిరుగుతుందో. పేరులో ఒక అక్షరం తప్పు పోతే ఏమవుతుందో మనకంటే ఎవరికి బాగా తెలుసు? టీసీలు రాసిన చేతులు మనవి. భర్త పోయిన ఆమెకు పింఛను దరఖాస్తు ఎక్కడివ్వాలో ఒక చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసిస్తాను. ఆ రోజు చెప్పినా బుర్రకెక్కదు, అందుకే కాగితం.

ఇదంతా డాక్టర్లు, నర్సులు చేయలేరా అంటే, చేయలేరు. చేతులు తక్కువ. లండన్‌లో సిసిలీ సాండర్స్ 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ మొదలుపెట్టినప్పుడే ఒక మాట గట్టిగా చెప్పారు: చావుకు దగ్గరైన మనిషి నొప్పి ఒంటిది మాత్రమే కాదు, మనసుది, ఇంటిది, డబ్బుది, నమ్మకాలది కూడా. ఒంటి నొప్పికి గోలీ ఉంది. మిగతావాటికి పక్కన కూర్చునే మనుషులు కావాలి. మన దగ్గర ఆ సంగతి బాగా పట్టుకున్నది కేరళ. కోజికోడ్‌లో 1993లో కొద్దిమంది డాక్టర్లు, స్నేహితులు కలిసి మొదలుపెట్టారు. తర్వాత ఊళ్లవాళ్లే వలంటీర్లయ్యారు: టీచర్లు, దుకాణాలవాళ్లు, కాలేజీ పిల్లలు. 2008లో ఆ రాష్ట్రం దానికో విధానమే తెచ్చింది, పంచాయతీలు దాన్ని తమ పనిలో కలుపుకున్నాయి. అక్కడ ఎవరింట్లో మంచం పట్టిన మనిషి ఉన్నారో పక్క వీధి రిటైర్డ్ మాస్టారుకు తెలిసి ఉంటుంది.

మన రాష్ట్రంలోనూ ప్రభుత్వం జిల్లాల్లో పాలియేటివ్ కేర్ కేంద్రాలు పెట్టింది, మంచం దిగలేనివాళ్ల ఇంటికి నర్సు వెళ్లడానికి 'ఆలన' పేరుతో బండ్లు పెట్టింది. ఇది చిన్న విషయం కాదు. ఇక్కడ లేనిది ఊరి మనుషులు. కేరళలో ఆ ఖాళీ నింపినవాళ్లు ఆకాశం నుంచి ఊడిపడలేదు కదా.

మార్ఫిన్ మాట వచ్చింది కాబట్టి ఒక భయం తీర్చాలి. మీలోనే ఒక సారు నన్ను బస్టాండులో ఆపి, "అక్కడ మత్తుమందు ఇచ్చి పడుకోబెడతారంట గదా" అన్నారు. లేదు సార్. నల్లమందు మన దేశంలోనే, మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో సర్కారు లైసెన్సుతో పండుతుంది. అయినా 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం తర్వాత లైసెన్సుల చిక్కుకు, కేసుల భయానికి చాలా ఆసుపత్రులు మార్ఫిన్ పెట్టుకోవడమే మానేశాయి. 2014లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించి దారి సులువు చేసింది. డాక్టరు చెప్పిన డోసులో వేసుకుంటే మనిషి మత్తులో పడి ఉండడు. నొప్పి తగ్గి లేచి కూర్చుంటాడు. మలబద్ధకం చేస్తుంది, దానికి పక్కనే ఇంకో మందు ఇస్తారు. గోలీ గోలీకీ లెక్క ఉంటుంది.

ఆ లెక్క గురించే ఒక సంగతి. కోస్గి వైపు నుంచి ఒకామె, భర్త పోయిన పన్నెండో రోజు అనుకుంటా, ఒక్కతే వచ్చింది. కొత్త చీర, ఖాళీ నుదురు. కొంగు ముడి విప్పి, మడిచిన రుమాలు తీసింది. అందులో సగం వాడిన గోలీల స్ట్రిప్పు. "మిగిలినయ్ అమ్మా. ఇచ్చి పోదామని వచ్చిన" అంది. తిరిగివ్వాలని మేం ముందే చెప్తాం, నిజమే. చాలామంది ఎవరితోనైనా పంపిస్తారు. ఆమె డెబ్బై కిలోమీటర్లు తనే వచ్చింది. ఫార్మసీ అమ్మాయి లెక్కపెట్టి ఏడు అని రాసుకుంది. పని అయిపోయింది. ఆమె మాత్రం లేవలేదు. నేనూ ఏమీ అడగలేదు. ఫోన్ రెండుసార్లు మోగింది, మాట్లాడాను, పెట్టేశాను. గంటసేపటి తర్వాత ఆమె, "నిద్రపోయిండమ్మా ఆయన. ఆఖరి పది రోజులు నిద్రపోయిండు" అని, నీళ్లు తాగి, బస్సుకు టైమైందని లేచింది. మా ఆయన నిద్రపోలేదు. ఆ మాట ఆమెకు చెప్పలేదు, మీకు చెబుతున్నాను.

ఇప్పుడు మీకొచ్చే సందేహాలు, నాకూ వచ్చినవే. మోకాళ్లు, బీపీ, షుగర్ ఉన్నాయంటారు. ఇది కూర్చుని చేసే పని, ఎవరినీ ఎత్తక్కర్లేదు. క్యాన్సర్ అంటుకోదు. మైల సంగతి ఇంట్లోవాళ్లు అంటారు. మా కోడలు మొదట్లో అంది. ఇంటికెళ్లగానే తలమీద నీళ్లు పోసుకుంటాను, ఆమెకు తృప్తి, నాకు అలసట తీరుతుంది. మీ ఇంట్లో ఈ మధ్యే ఎవరైనా పోయి ఉంటే మాత్రం ఇప్పుడే రాకండి. మా దగ్గర ఏడాది ఆగమంటారు, నాకైతే అంతకన్నా ఎక్కువే పట్టింది. ముందు రెండు రోజులు శిక్షణ ఇస్తారు, తర్వాత కొన్నాళ్లు నా పక్కన కూర్చుంటారు. నేర్చుకోవలసింది చాలావరకు అనకూడని మాటలే: 'ఏం కాదు, తగ్గిపోతుంది', 'మా చుట్టాలాయనకూ ఇలాగే', 'ఆ ఆకుపసరు వాడి చూశారా'. అక్కడ విన్నది గడప దాటకూడదు, ఇంట్లో కూడా.

తండాల బడుల్లో పనిచేసిన సార్లు ముందు రండి. లంబాడీలో "ఏమైందమ్మా" అని అడిగేవాళ్లు మాకొక్కరూ లేరు. నారాయణపేట, కృష్ణా మండలం వైపు చేసిన మేడమ్‌లకు కన్నడం వచ్చు, అదీ కావాలి. ఉర్దూ మాట్లాడేవాళ్లు ఎలాగూ కావాలి. ఒక ముసలామె ముందు నేను చేతులతో సైగలు చేస్తూ నిలబడ్డ రోజు నాకు ఇంకా బాధగానే ఉంది.

పండ్ల మాట కూడా కుండబద్దలు కొట్టినట్టు చెప్పనివ్వండి. పుట్టినరోజులకు, వర్ధంతులకు యాపిల్ పండ్లు తెచ్చి మంచం మంచానికీ ఇచ్చి ఫొటో దిగుతారు. మనసు మంచిదే. కానీ మా దగ్గర సగం మందికి నోటి క్యాన్సరో, గొంతు క్యాన్సరో ఉంటుంది. తంబాకు, గుట్కా చేసిన పని. ముక్కులో గొట్టం ఉన్న మనిషి చేతిలో యాపిల్ పెట్టి కెమెరా వైపు చూడమంటే ఆయన చూశాడు కూడా, పెద్దవాళ్లు చెప్పారని. ఆ పండు సాయంత్రం దాకా ఆయన దిండు పక్కనే ఉంది. దయచేసి ఇక అలా రాకండి.

సంఘాల బాధ్యులకు నా విన్నపం ఒకటి. డిసెంబర్ 17న పెన్షనర్ల దినోత్సవం జరుపుకుంటాం. 1982లో ఆ రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షన్ అంటే సర్కారు దయ కాదు, మన హక్కు అని చెప్పింది. ఆ సభలో శాలువాలు కప్పే కార్యక్రమానికి ముందు నాకు అరగంట ఇవ్వండి. జిల్లా కేంద్రంలోనే కాదు, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేటల్లో కూడా వచ్చి మాట్లాడతాను. మీ మీ ఊళ్లలోని పాలియేటివ్ కేంద్రంలో ముందు బల్ల దగ్గర ఎవరు కూర్చుంటున్నారో ఒకసారి వెళ్లి చూసి రండి. పేర్లు ఇచ్చేవాళ్లు సంఘం ఆఫీసులో ఇవ్వండి, నేనే వచ్చి కలుస్తాను.

మా దగ్గర పొద్దున పూట తొమ్మిది నుంచి ఒంటిగంట, మధ్యాహ్నం పూట ఒంటిగంట నుంచి ఐదు. సోమ, గురువారాల పొద్దుట నేనుంటాను. ఇంకో ఇద్దరు కొన్ని పూటలు చూస్తున్నారు. బుధవారం మధ్యాహ్నం, శనివారం రెండు పూటలూ ఎవరూ లేరు. ఆ పూటల్లో ఫోన్ మోగితే డ్యూటీ సిస్టర్ వార్డులో చేస్తున్న డ్రెస్సింగ్ ఆపి, గ్లౌజు ఒకటి విప్పి పరుగెత్తుకొస్తోంది. ఆమె వచ్చేలోపు ఒక్కోసారి ఫోన్ ఆగిపోతోంది.